రాత్రి చూసిన రోగిని పొద్దున మళ్లీ చూడనివ్వండి: ఒక సర్జన్ బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు, జిల్లా, ఏరియా ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు,

నమస్కారం.

నా సర్వీసులో ఎక్కువ భాగం జిల్లా ఆసుపత్రుల్లోనే గడిచింది. ఎన్ని పొట్టలు తెరిచి ఆపరేషన్లు చేశానో లెక్క పెట్టుకోలేదు. కానీ తెరవాల్సిన రోజున తెరవని ఒక పొట్ట మాత్రం ఇప్పటికీ కళ్ల ముందు మెదులుతూనే ఉంటుంది. ముందుగా దాని గురించే చెబుతాను.

పిల్లాడికి పదేళ్లుంటాయి. సైకిల్ మీద నుంచి పడ్డాడని రాత్రి ఎనిమిదింటికి వాళ్ల నాన్న బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. మోకాలు చెక్కుకుపోయింది. అప్పటికే ఏడుపు మానేశాడు. పల్స్ బాగుంది, బీపీ బాగుంది, పొట్ట మెత్తగా ఉంది. చొక్కా పైకెత్తి చూస్తే బొడ్డుకు నాలుగు వేళ్ల పైన రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ. రబ్బరు తొడుగు ఊడిపోయిన హ్యాండిల్ గొట్టం అంచు ముద్ర వేసినట్టు పడింది. వేలితో నొక్కి చూశాను. "కొంచెం నొప్పి" అన్నాడు. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. రక్తపరీక్షలో అమైలేజ్ (క్లోమం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) మామూలుగానే ఉంది. నొప్పికి సిరప్ రాసి, ఏదైనా ఇబ్బంది ఉంటే తీసుకురమ్మని చెప్పి పంపించేశాను.

మూడో రోజు తెల్లవారుజామున అదే తండ్రి పిల్లాణ్ని భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని ఉన్నాడు, ముట్టుకోనివ్వట్లేదు. ఆకుపచ్చగా వాంతులు. పొట్ట చెక్కలా బిగిసిపోయింది. ఓపెన్ చేస్తే క్లోమం (ప్యాంక్రియాస్) సరిగ్గా వెన్నెముక మీదుగా వెళ్లే చోట రెండు ముక్కలై ఉంది. హ్యాండిల్ గొట్టం ముందు నుంచి నెట్టింది, వెనక వెన్నుపూస అడ్డుగా నిలబడింది, మధ్యలో క్లోమం నలిగిపోయింది. పిల్లల్లో పొట్ట కండరాలు పలచన, ఆపడానికి అక్కడ కొవ్వు కూడా ఉండదు. క్లోమం లోతుగా వీపు వైపు ఉంటుంది కాబట్టి మొదటి గంటల్లో పొట్ట మెత్తగానే ఉంటుంది. అమైలేజ్ పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది. తొందరగా తీస్తే సీటీ స్కాన్‌లో కూడా ఈ చీలిక దొరక్కపోవచ్చు. అందుకే ఒక్కసారి చూసి వదిలేసే గాయం కాదిది. ఆరు గంటలకోసారి చూడాలి, పరీక్ష మళ్లీ చేయాలి.

పిల్లాడు బతికాడు. క్లోమం తోక వైపు భాగం తీసేయాల్సి వచ్చింది, వారాల తరబడి వార్డులోనే ఉన్నాడు. డిశ్చార్జ్ రోజున వాళ్ల నాన్న నా దగ్గరికొచ్చి, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు: "సార్, ఆ రాత్రి ఇక్కడే ఉంచుకుని ఉంటే సరిపోయేదా?"

సరిపోయేది. తండ్రికి అదే చెప్పాను. మరి ఎందుకు ఉంచుకోలేదు? ఈ ఉత్తరం మీకు రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

అరుదైన గాయాలంటే పెద్ద పట్నాల్లో పెద్ద డాక్టర్లు కనిపెట్టేవని మనకో నమ్మకం. నా అనుభవం వేరు. అవి మొదట వచ్చేది మన దగ్గరికే. ఒక్కో గాయం విడిగా చూస్తే ఒక డాక్టర్ జీవితంలో రెండు మూడు సార్లే తగులుతుంది. కానీ అలాంటివి పాతిక ముప్పై రకాలు ఉన్నాయి. అన్నీ కలిపితే ఏదో ఒకటి తరచుగా మన క్యాజువాలిటీ గడప తొక్కుతూనే ఉంటుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైనప్పటి నుంచి దెబ్బ తగిలిన మనిషి ఆసుపత్రికి తొందరగా చేరుతున్నాడు. ఒకప్పుడు దారిలోనే పోయేవాళ్లు ఇప్పుడు మన బల్ల మీద ప్రాణంతో ఉంటున్నారు. బల్ల మీదకు చేరాక ఏం జరుగుతోందన్నదే నా బాధ.

మన ప్రాంతంలో వచ్చే గాయాలే చూడండి. బైక్ వెనక కూర్చున్న అమ్మాయి చున్నీ చక్రంలో చుట్టుకుంటుంది. వడ్లు నూర్చే మిషన్‌లో పైట చిక్కుకుంటుంది. మెడ మీద సన్నటి ఎర్ర గీత తప్ప ఏమీ కనబడదు. అమ్మాయి నడిచే వస్తుంది. గొంతు కాస్త బొంగురుగా ఉందని తల్లి అంటే, భయపడి ఉంటుందిలే అనుకుంటాం. మెడ మీద చర్మాన్ని వేళ్లతో నొక్కితే మరమరాలు నలిగినట్టు కరకరమంటే గాలి చర్మం కిందికి వచ్చేసిందని అర్థం. లోపల స్వరపేటికో శ్వాసనాళమో చిరిగింది. ఇలాంటి మనిషికి ఊపిరి ఇబ్బంది మొదలయ్యాక కంగారుగా నోట్లోంచి ట్యూబ్ దూర్చబోతే, సగం తెగిన నాళం పూర్తిగా తెగిపోయే ప్రమాదం ఉంది. ముందే మత్తు డాక్టర్నీ ఈఎన్‌టీ డాక్టర్నీ పిలిపించి, అవసరమైతే మెడ దగ్గర దారి చేయడానికి సిద్ధంగా ఉండాలి. ఆ కరకర శబ్దం ఒక్కసారి వేళ్లకు తెలిస్తే జన్మలో మర్చిపోరు. తెలియాలంటే ఎవరో ఒకరు హౌస్ సర్జన్ (ఎంబీబీఎస్ చివర్లో శిక్షణలో ఉన్న కుర్ర డాక్టర్) చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టించాలి.

తాటిచెట్టు మీద నుంచి పడిన గీత కార్మికుడికి మడమ ఎముక విరిగితే మన కళ్లు మడమ దగ్గరే ఆగిపోతాయి. నిలువునా పడినవాడి బరువంతా మడమల మీదుగా నడుముకు పాకుతుంది. కాబట్టి మడమ విరిగిన ప్రతి ఒక్కరికీ నడుము వెన్నుపూసలు చూడాల్సిందే. తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్ష పేరుతో చెట్టెక్కేవాళ్లకు రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. చాలా మంచి పని. పడకుండా చూసే ఏర్పాటుతో పాటు, పడ్డాక వెన్ను చూసే అలవాటు కూడా రావాలి.

సంక్రాంతికి చిత్తూరు వైపు పశువుల పండగలో ఎద్దు పొడిచిన మనిషి వస్తాడు. పైకి రెండంగుళాల చీలిక. కొమ్ము లోపలికి వెళ్లి, మనిషిని ఎత్తి కుదిపినప్పుడు, లోపల ఎటు తిరిగిందో పైనుంచి తెలియదు. క్యాజువాలిటీలోనే చర్మానికి కుట్లు వేసి పంపితే లోపల తెగిన పేగు మూడో రోజు బయటపడుతుంది. మెకానిక్ షాపులో గ్రీజు గన్ వేలికి తగిలిన కుర్రాడి సంగతీ అంతే. సూది గుచ్చినంత రంధ్రం, పెద్ద నొప్పి కూడా ఉండదు. టీటీ ఇంజెక్షన్ చేసి పంపించేస్తాం. గ్రీజు ఆ ఒత్తిడితో వేలి పొడవునా నరాల, టెండన్ల (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల) మధ్య పాకిపోయి ఉంటుంది. కొన్ని గంటల్లో తెరిచి శుభ్రం చేయకపోతే వేలే తీసేయాల్సి రావచ్చు.

ఇక డయాఫ్రమ్. ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే ఆ కండరపు తెర చిరగడం పాత సంగతే. పదహారో శతాబ్దంలోనే ఫ్రెంచి సర్జన్ ఆంబ్రోయిస్ పారే ఒక సైనికాధికారి గురించి రాసిపెట్టాడు. తుపాకీ గాయం మానింది, మనిషి కోలుకున్నాడు. 8 నెలల తర్వాత చనిపోయాడు. శవపరీక్షలో చూస్తే చిటికెన వేలి కొన పట్టేంత రంధ్రంలోంచి పేగు ఛాతీలోకి దూరి కుళ్లిపోయి ఉంది. నాలుగు వందల ఏళ్లు దాటినా అదే గాయం అలాగే మనల్ని తప్పించుకుపోతోంది.

నాకు తెలిసిన ఒక ఆసుపత్రిలో ఒక రాత్రి ఆటో తిరగబడి ఒక మధ్యవయసు మనిషిని తెచ్చారు. ఎక్స్‌రేలో ఎడమ ఛాతీ కింద గాలి, నీరు కలిసినట్టు కనబడుతోంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి, రక్తం చేరాయనుకుని డ్యూటీ డాక్టర్ ఛాతీలో ట్యూబ్ వేయడానికి బ్లేడు చేతిలోకి తీసుకున్నారు. పక్కన ఉన్న సీనియర్ స్టాఫ్ నర్సు నెమ్మదిగా అన్నారు: "సార్, రైల్స్ ట్యూబ్ వేసి ఇంకో ఎక్స్‌రే తీద్దామా?" ముక్కులోంచి జీర్ణాశయంలోకి వేసిన ఆ సన్నటి ట్యూబ్ రెండో ఎక్స్‌రేలో ఎక్కడ కనబడిందంటే, ఎడమ ఛాతీలో చుట్టచుట్టుకుని ఉంది. జీర్ణాశయమే పైకి వెళ్లిపోయింది. తొందరపడి ఛాతీలో ట్యూబ్ వేసి ఉంటే నేరుగా జీర్ణాశయానికి చిల్లు పడేది. పది నిమిషాలు ఆగి మళ్లీ చూసినందుకు ఒక మనిషి బతికాడు. ఆ అమ్మ రిటైరయ్యేదాకా ఈ విషయం ఆ ఆసుపత్రిలో ఒక్క కాగితం మీద కూడా నమోదు కాలేదు. ఆవిడకు తెలిసింది ఆవిడతోనే వెళ్లిపోయింది.

దెబ్బలు ఒక్కటే కాదు, అత్యవసర ఆపరేషన్లదీ ఇదే కథ. బక్కపలచని ముసలమ్మ వస్తుంది. నాలుగు రోజులుగా వాంతులు, పొట్ట ఉబ్బరం. తొడ లోపలి వైపు నుంచి మోకాలి దాకా లాగుతోందని కూడా అంటుంది. మోకాలి నొప్పి వయసుదని పక్కన పెట్టేస్తాం. నిజానికి ఆ రెండూ ఒకటే జబ్బు. కటి ఎముకలోని ఒక సన్నటి సందులోంచి పేగు దూరి, అక్కడి నరాన్ని నొక్కుతోంది. అబ్‌ట్యురేటర్ హెర్నియా అంటారు. బయటికి బుడిపె కూడా కనబడదు. సీటీ తీస్తే దొరుకుతుంది, కానీ తీయాలన్న ఆలోచన రావాలి కదా. గజ్జల్లో వచ్చే మామూలు హెర్నియా అయితే సీటీ కూడా అక్కర్లేదు, బట్ట తొలగించి చూస్తే చాలు. మన క్యాజువాలిటీల్లో చాలాచోట్ల బల్లల మధ్య కర్టెన్ ఉండదు. చుట్టూ పదిమంది అటెండర్లు, పక్క బల్ల మీద ఇంకొకరి కొడుకు. డెబ్బై ఏళ్ల ఆడమనిషి చీర తొలగించి గజ్జలు చూపించమని ఏ హౌస్ సర్జన్ అడగగలడు? ఆవిడ ఎలా చూపిస్తుంది? అందుకే ఎవరూ చూడరు. నేను మిమ్మల్ని అడిగేవాటిలో అన్నిటికన్నా చవకైనది ఇదే. ప్రతి బల్లకూ ఒక కర్టెన్ పెట్టించండి.

తప్పు డాక్టర్ల తెలివిలో ఉందని నేననుకోను. రాత్రి డ్యూటీ ఎలా ఉంటుందో చూసినవాణ్ని. ఒక డ్యూటీ డాక్టర్, ఇద్దరు హౌస్ సర్జన్లు. ఒకేసారి మూడు యాక్సిడెంట్ కేసులు, ఒక పురుగుల మందు కేసు, ఒక పాము కాటు. మధ్యలో ఎంఎల్‌సీ (పోలీసు కేసు అయ్యే గాయాల వైద్య నివేదిక) రాయాలి, పోలీసులకు ఇంటిమేషన్ పంపాలి. ముందు వైద్యం, తర్వాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో స్పష్టంగా చెప్పింది. అయినా ఏదైనా తేడా వస్తే మొదట అడిగేది కాగితమే కాబట్టి కాగితమే ముందు నడుస్తుంది. ఆ టెన్షన్‌లో ప్రాణం పోతున్నవాణ్ని పట్టుకుంటారు, మాట్లాడుతున్నవాణ్ని వదిలేస్తారు. అంత రద్దీలో అది సహజమే. కానీ పొద్దున్నే డ్యూటీ మారినప్పుడు, ఆ మాట్లాడుతున్నవాణ్ని తల నుంచి కాలి దాకా మళ్లీ చూడటం ఎవరి పని? మన దగ్గర ఎవరి పనీ కాదు. వార్డు రౌండ్స్‌లో "నిన్నటి యాక్సిడెంట్ కేసు, స్టేబుల్" అని చెప్పి ముందుకు వెళ్లిపోతారు.

ఇతర దేశాల్లో దీన్ని ఎలా సరిచేసుకున్నారో ఒక్క మాట చెబుతాను. 1976లో అమెరికాలోని నెబ్రాస్కాలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల డాక్టర్ తన చిన్న విమానం పొలాల్లో కూలి భార్యను పోగొట్టుకున్నాడు. గాయపడిన పిల్లల్ని అక్కడి చిన్న ఆసుపత్రికి తీసుకెళ్తే, అక్కడి వైద్యం చూసి కలవరపడ్డాడు. ఊళ్లో డాక్టర్లను నిందించి ఊరుకోలేదు. వాళ్లకు ఒక పద్ధతి నేర్పాలని పట్టుబట్టాడు. 1978లో మొదటి శిక్షణ జరిగింది. ఈరోజు ప్రపంచమంతా నేర్చుకుంటున్న ఏటీఎల్ఎస్ (గాయపడినవాళ్లను వరసగా పరీక్షించి ప్రాణం నిలిపే పద్ధతి) అలా పుట్టింది. ముందు ఊపిరి దారి, శ్వాస, రక్తప్రసరణ, స్పృహ, ఆపైన ఒళ్లంతా. ప్రాణం నిలిచాక రెండోసారి తల నుంచి కాలి దాకా. ఆ తర్వాత ట్రామా సర్జన్లు (ప్రమాద గాయాలకు వైద్యం చేసే సర్జన్లు) మూడో పరీక్షను కూడా చేర్చారు. చేరిన 24 గంటల్లో, రోగి తెలివిగా మాట్లాడే స్థితిలో ఉన్నప్పుడు, మొదటి నుంచి మళ్లీ మొత్తం చూడటం, ఎక్స్‌రేలన్నీ ఇంకోసారి చూడటం. తప్పిపోయిన గాయాలు దొరికేది అప్పుడే. మొదటి రెండూ మన కేస్ షీట్లలో ఎలాగోలా చోటు సంపాదించాయి. మూడోదానికి నేను పనిచేసిన చోట్ల ఒక్క గీత కూడా లేదు.

ఆ గీత పెట్టించమనే ఈ ఉత్తరం. దెబ్బ తగిలి చేరిన ప్రతి రోగికీ 24 గంటల్లోపు మళ్లీ పరీక్ష జరగాలని ఉత్తర్వు ఇవ్వండి. రాత్రి చూసిన డాక్టర్ కాకుండా ఇంకొకరు చూస్తే మరీ మంచిది, కొత్త కళ్లకు కొత్తవి కనబడతాయి. పొట్ట మీద హ్యాండిల్ ముద్ర ఉన్న పిల్లల్ని, సీటు బెల్టు గీత పడినవాళ్లని, ఎత్తు నుంచి పడినవాళ్లని, ఎంత బాగున్నా ఒక రోజు ఉంచుకునే వీలు కల్పించండి. మంచాలు లేవంటారని తెలుసు. ఒక్క రోజు మంచం ఇస్తే, తర్వాత నెల రోజుల మంచం మిగులుతుంది. క్యాజువాలిటీలోనే ఒక అల్ట్రాసౌండ్ మిషన్ ఉంచండి. రాత్రి తాళం వేసిన స్కానింగ్ గదిలో ఉన్న మిషన్ ఉన్నా లేనట్టే. గుండె చుట్టూ, కాలేయం పక్కన, ప్లీహం పక్కన, పొత్తికడుపులో, ఈ నాలుగు చోట్ల రక్తం ఉందో లేదో చూడటం హౌస్ సర్జన్లకు నేర్పవచ్చు. రెండు నిమిషాల పని. మొదటిసారి ఏమీ లేకపోయినా గంట తర్వాత మళ్లీ పెట్టి చూడాలని కూడా నేర్పాలి.

ఇంకొకటి ఉంది. దీని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. జిల్లా ఆసుపత్రి నుంచి రోగిని గాంధీకో, ఉస్మానియాకో, కేజీహెచ్‌కో, నిమ్స్‌కో రిఫర్ చేస్తాం. అంబులెన్స్ గేటు దాటాక ఆ మనిషికి ఏమైందో మనకు తెలియదు. మనం అనుకున్న జబ్బే తేలిందా, ఇంకేదైనా దొరికిందా, బతికాడా, పోయాడా? ఏమీ తెలియదు. అక్కడి సర్జన్‌కు అన్నీ తెలుసు, కానీ ఆయనకు మన పేరు తెలియదు. మొదట పొరపాటు చేసిన డాక్టర్ పొరపాటు చేశానని కూడా తెలియకుండా పదేళ్లు అలాగే పనిచేస్తాడు. ఆ సైకిల్ పిల్లాడు తిరిగి నా దగ్గరికే రావడం నా అదృష్టం. వేరే ఊరికి వెళ్లి ఉంటే ఆ గుండ్రటి మచ్చ అర్థం నాకు ఈ జన్మలో తెలిసేది కాదు. అందుకని రిఫరల్ మీద వెళ్లిన ప్రతి ఎమర్జెన్సీ కేసుకీ ఆపరేషన్ నోట్ కాపీ ఒకటి పంపిన ఆసుపత్రికి తిరిగి రావాలి. ఇప్పుడు అన్నీ ఫోన్లలోనే పోతున్నాయి, ఇది కొత్తగా ఖర్చయ్యేది కాదు.

ఆ కాపీలు పెట్టుకుని వారానికి ఒక గంట అందరూ కూర్చోవాలి. సర్జన్లు, హౌస్ సర్జన్లు, నర్సులు, ఎక్స్‌రే టెక్నీషియన్లు కూడా. ఏం తప్పింది, ఎందుకు తప్పింది అని మాట్లాడుకోవాలి. ఇక్కడ మీ నుంచి ఒక హామీ కావాలి. ఆ గదిలో చెప్పిన మాట మీద మెమో రాకూడదు. ఒప్పుకున్నవాడికి శిక్ష, దాచినవాడికి క్షేమం అన్నట్టు ఉంటే ఎవరు నోరు విప్పుతారు? నిర్లక్ష్యానికి శిక్ష వేయండి, నేను కాదనను. తాగి డ్యూటీకి వచ్చినవాణ్ని, పిలిస్తే రానివాణ్ని వదలొద్దు. కానీ చూసి, ఆలోచించి, అయినా కనిపెట్టలేకపోయినవాణ్ని అదే గాటన కట్టొద్దు.

డబ్బు సంగతి కూడా ఒక మాట. 2025 మే నుంచి కేంద్రం రోడ్డు ప్రమాద బాధితులకు 7 రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా నగదు లేని చికిత్స తెచ్చింది. వాహన ప్రమాదాలకు అది పెద్ద ఊరట. చెట్టు మీద నుంచి పడినవాడు, ఎద్దు పొడిచినవాడు, నూర్పిడి మిషన్‌లో పైట చిక్కుకున్న ఆడమనిషి దాని కిందికి రారు. వీళ్లనూ మొదటి రోజు నుంచే ఆదుకునే దారి రాష్ట్రాలు చూడాలి. స్కాన్‌కు డబ్బుల్లేవని రోగి తనంతట తానే లేచి ఇంటికి వెళ్లిపోతే, మళ్లీ చూడటానికి మాకు మనిషే ఉండడు.

ఈ లేఖతో పాటు ఒక పేజీ జత చేస్తున్నాను. కేస్ షీట్‌లో పెట్టుకోవడానికి నేను రాసిన నమూనా అది. తల, మెడ, ఛాతీ, పొట్ట, గజ్జలు, వీపు, కాళ్లూ చేతులూ వేళ్లతో సహా అన్నిటికీ గడులు ఉన్నాయి. వీపు గడి పక్కన "పక్కకు తిప్పి చూశారా?" అని రాశాను, ఎక్కువ మంది మానేసేది అదే కాబట్టి. కింద ఒక గీత గీసి, దాని పక్కన ఇలా రాశాను: "పొద్దున మళ్లీ చూసిన డాక్టర్ సంతకం, సమయం." మీ ఆసుపత్రికి తగ్గట్టు మార్పులు ఎన్నైనా చేసుకోండి. ఆ చివరి గీత మాత్రం తీసేయకండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రభుత్వ సర్జన్